హింసాభయము – దేవుని ఆశ్రయము: కడప జిల్లా సంఘ జీవితము నుండి ఒక పరిశీలన

పులివెందుల వైపు ఒక పల్లెలో బాప్తిస్మ తరగతులు ముగిసిన రాత్రి ఒక యౌవనస్థుడు అందరూ వెళ్ళేవరకు ఆగి మాతో ఇలా అన్నాడు: “అయ్యగారూ, బాప్తిస్మం తీసుకునేదానికి నాకేం భయం లేదు. పుస్తకంలో పేరు రాసేదానికే భయం. పేరు రాయకుండా ఇయ్యండి.” అతడు డిగ్రీ చదివి ఉద్యోగ పరీక్షలకు సిద్ధపడుతున్నవాడు. అతని కులధ్రువపత్రములో హిందువు అని ఉంది. అతని తాత, అవ్వ క్రైస్తవులుగా జీవించి, క్రైస్తవులుగా మరణించి, మన సమాధుల తోటలోనే ఉన్నారు. ఆ రాత్రి మేము అతనికి సరియైన జవాబు ఇవ్వలేకపోయాము. “ప్రార్థన చేద్దాము నాయనా” అని మాత్రము అన్నాము. కాపరులు జవాబు లేనప్పుడు అనే మాట అదే అని అతనికీ తెలుసు, మాకూ తెలుసు.

ఈ వ్యాసము ఆ జవాబును వెదికే ప్రయత్నము. హింసను గూర్చిన భయమును దేవుని యందలి నమ్మకము ద్వారా ఎలా జయించగలము అనే ప్రశ్న మన ప్రసంగములలో తరచుగా వినబడుతుంది. కాని ఆ ప్రశ్నను మన ఊళ్ళలో నిలబెట్టి అడగడము తక్కువ. హింస అనగానే మనకు సింహముల గుహ, అగ్నిగుండము, రోమా చక్రవర్తుల క్రీడారంగము గుర్తుకు వస్తాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో విశ్వాసిని వెంటాడే భయము సామాన్యముగా ఆ రూపములో రాదు. అది బావి దగ్గర, కూలి దగ్గర, అద్దె ఇంటి దగ్గర, తహసీల్దారు కార్యాలయము కిటికీ దగ్గర ఎదురవుతుంది.

పిరికివారు ఎవరు?

ముందుగా ఒక అపార్థమును తొలగించాలి. మన ఉజ్జీవ సభలలో కొందరు ప్రసంగీకులు “భయపడేవాడు విశ్వాసి కాడు” అని గట్టిగా చెబుతారు. అందుకు ప్రకటన 21:8లో పిరికివారిని గూర్చి ఉన్న మాటను ఆధారముగా చూపుతారు. వేదిక మీద మైకు పట్టుకొని ఆ మాట చెప్పడము సులువు. సభ ముగిసిన తరువాత ఆ ప్రసంగీకుడు కారు ఎక్కి తన పట్టణమునకు వెళ్ళిపోతాడు. విన్నవారు అదే పల్లెలో, అదే రైతు దగ్గర, మరునాడు ఉదయము వేరుశనగ కాయలు ఒలిచే కూలికి పోవాలి.

ప్రకటన గ్రంథములో పిరికివారు అంటే వణకినవారు కారు. మృగమునకు లోబడి క్రీస్తును విడిచిపెట్టినవారు. అదే గ్రంథములో స్ముర్న సంఘమునకు వ్రాయబడిన మాటను చూడండి (2:10). రాబోయే శ్రమలకు భయపడవద్దని ప్రభువు వారితో చెప్పవలసి వచ్చినదంటే, వారిలో భయము ఉన్నదనే కదా! ఆ సంఘమును ఆయన ఎక్కడా గద్దించలేదు. ఏడు సంఘములలో గద్దింపు లేనివి రెండే. వాటిలో స్ముర్న ఒకటి.

అపొస్తలుడైన పౌలు తాను బయట పోరాటములతోను లోపల భయములతోను ఉన్నానని కొరింథీయులకు దాచకుండా వ్రాశాడు (2 కొరింథీ 7:5). గెత్సేమనేలో మన ప్రభువు పడిన కలవరమును మార్కు తగ్గించి చెప్పలేదు (14:33). కనుక భయము కలగడము పాపము కాదు. భయము మనలను ఎవరి దగ్గరకు నడిపిస్తుంది అనేదే ప్రశ్న.

ఆశ్రయము అనే మాట

ఈ విషయములో 56వ కీర్తన మనకు గొప్ప సహాయము చేస్తుంది. దావీదు గాతులో ఫిలిష్తీయుల చేత చిక్కిన సందర్భము దాని శీర్షికలో ఉంది. ఆ సమయములో దావీదు ఆకీషుకు మిగుల భయపడ్డాడని సమూయేలు గ్రంథకర్త స్పష్టముగా చెబుతున్నాడు (1 సమూయేలు 21:12). కీర్తన 3వ వచనములో భయము ఉంది, నమ్మకమూ ఉంది. రెండూ ఒకే దినమున, ఒకే మనిషిలో ఉన్నాయి. 4వ వచనములోను, 11వ వచనములోను నమ్మకము ఉంది, భయము లేదు. అంటే భయము పోయిన తరువాత నమ్మడము కాదు. భయములో ఉండగానే నమ్మడము మొదలుపెట్టినవాడు క్రమముగా భయము లేని చోటికి చేరుతున్నాడు. హెబ్రీలో ఈ మూడు చోట్లా ఉన్నది ‘బాతఖ్’ అనే ఒకే క్రియ. ఒకనిమీద పూర్తిగా ఆనుకొనడము, భారము మోపడము అని దాని భావము. మన తెలుగు బైబిలు 3వ వచనములో దీనికి ఆశ్రయించుట అనే మాట వాడింది.

రాయలసీమలో ఈ మాటకు ఉన్న బరువు మరొక చోట ఉండదని మా అభిప్రాయము. ఇక్కడ ఆశ్రయము అంటే ఏమిటో పసిపిల్లలకు కూడ తెలుసు. ఊరిలో ఇద్దరు పెద్ద మనుషులు, రెండు పార్టీలు. ఎవరో ఒకరి నీడలో లేనివాని గొడ్డు పోయినా, గట్టు పోయినా అడిగే దిక్కు ఉండదు. అందువలన తండ్రి ఏ ఇంటి పక్షమో కొడుకూ ఆ ఇంటి పక్షమే. ముఠా తగాదాలలో చచ్చిన వారిలో పెద్దవారికంటె వారి నీడన బ్రతికిన పేదవారే ఎక్కువ అని మన పల్లెలలో ఏ ముసలివారిని అడిగినా చెబుతారు. భయమునకు జవాబుగా ఒక బలవంతుని ఆశ్రయించడము మన ప్రాంతపు సహజ జ్ఞానము. దేవుని ఆశ్రయించండి అని మనము ప్రసంగించినప్పుడు మన శ్రోత మనస్సులో మెదిలే చిత్రము ఇదే. ఈ చిత్రమును గమనించకుండ ప్రసంగిస్తే మన మాటలు గాలిలో పోతాయి.

యెషయా కాలములో యూదా రాజైన ఆహాజు చేసినది సరిగ్గా ఇదే. సిరియా, ఎఫ్రాయిము ఏకమై యెరూషలేము మీదికి వచ్చినప్పుడు అతడు భయపడ్డాడు. యెషయా అతనిని దేవుని నమ్మి నిమ్మళముగా ఉండుమన్నాడు. అతడు మాత్రము అష్షూరు రాజు దగ్గరకు దూతలను పంపి, నేను నీ దాసుడను, నీ కుమారుడను అని చెప్పించి, మందిరములోని వెండి బంగారములను కానుకగా ఇచ్చాడు (2 రాజులు 16:7-8). ఆశ్రయము దొరికింది, దమస్కు పడిపోయింది. అయితే ఆ తరువాతి వచనములు కూడ చదవాలి. దమస్కులో తాను చూచిన బలిపీఠపు నమూనాను ఆహాజు యెరూషలేమునకు పంపాడు. యాజకుడైన ఊరియా ఎదురు చెప్పకుండా రాజు వచ్చేసరికి దానిని కట్టి సిద్ధము చేశాడు. ఆశ్రయమిచ్చినవాని నీడ చివరకు బలిపీఠము వరకు వచ్చింది. ఊరియా వంటి యాజకులు మనలోను ఉన్నారు. ఎన్నికల సమయములో ఏ అభ్యర్థి వచ్చినా వేదిక మీదికి పిలిచి, తలమీద చెయ్యి వేసి ప్రార్థించి, ప్రహరీ గోడకు సిమెంటు అడిగే కాపరులను మనము చూచాము. కొన్నిసార్లు మేమే అక్కడ ఉన్నాము.

పులివెందుల క్రైస్తవులకు ఈ శోధన మరింత దగ్గరగా వచ్చింది. జమ్మలమడుగులో పుట్టి, వైద్యుడై అక్కడి మిషను ఆసుపత్రిలో కొంతకాలము పనిచేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు 2004 నుండి 2009 వరకు ముఖ్యమంత్రిగా ఉన్నారు. ఆయన కుమారుడు 2019 నుండి 2024 వరకు ఆ పదవిలో ఉన్నారు. ఇద్దరూ క్రైస్తవ కుటుంబమువారే. “ఇంక మనకేం భయం, మనోళ్ళు ఉండారు” అనే మాట ఆ సంవత్సరములలో పల్లె సంఘములలో ఎన్నోసార్లు విన్నాము. ఇది నాయకులను తప్పుపట్టడానికి చెప్పడము లేదు. వారు పరిపాలకులు చేయవలసినవి చేశారు. తిరుమల మొదలైన పుణ్యక్షేత్రములలో అన్యమత ప్రచారమును నిషేధించే శాసనము 2007లో వచ్చింది. దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులముల హోదా ఇవ్వాలని శాసనసభ తీర్మానము 2009లో వచ్చింది. రెండూ ఒకే ప్రభుత్వము చేసినవే. అటువంటి తీర్మానమే 2023లో మరల చేశారు. ఆ తీర్మానములు ఢిల్లీకి వెళ్ళాయి. వాటివలన 1950 ఉత్తరువు మారలేదు. అధికారుల మీద ఆనుకొనవద్దని చెప్పే 146:3 కీర్తనలో ఉన్నది కూడ ఆ ‘బాతఖ్’ క్రియే. రాజులు దుష్టులు అని ఆ కీర్తన చెప్పడము లేదు. వారు కూడ మంటికి తిరిగిపోయేవారే అని మాత్రము చెబుతోంది.

పెన్న ఒడ్డున చెలమలు

మరి మన పితరులు ఎవరిని ఆశ్రయించారు? లండన్ మిషనరీ సొసైటీవారు కడపలో 1822లో పని ప్రారంభించారు. మొదటి ముప్ఫై ఏళ్ళలో ఫలము కొద్దిగానే కనబడింది. 1850ల నుండి కడప, కర్నూలు ప్రాంతములలో మాలపల్లెలు క్రీస్తు వైపు కదలడము మొదలైంది. వీరిలో నేతపని చేసేవారు, ఊరి వెట్టి చేసేవారు, రైతుల దగ్గర జీతమున్నవారు ఉన్నారు. వీరబ్రహ్మేంద్రస్వామి బోధలు విని విగ్రహములను అప్పటికే ప్రశ్నించినవారూ వారిలో ఉన్నారు. ఒక పల్లె పెద్దలు కూడి వచ్చి తమకు ఉపదేశిని పంపమని అడిగేవారు. విగ్రహములను విడవాలి, చచ్చిన పశువుల మాంసము తినకూడదు, ఆదివారము పని మానాలి అనే షరతులు వారికి ఉండేవి.

ఆదివారము పని మానడము అనేది మనకు చిన్న సంగతిగా కనబడవచ్చు. ఆ దినములలో వెట్టి మనిషికి సెలవు అనే మాటే లేదు. జాతరలో చేయవలసిన పని చేయము అన్నవాడు ఊరి కట్టు తప్పినవాడే. పల్లెలో పెత్తనమంతా రెడ్డి, కరణము చేతిలో ఉండేది. ఆ వంశపారంపర్య ఉద్యోగములు 1984లో గాని రద్దు కాలేదు. ఊరి కట్టు తప్పినవానికి పడే శిక్ష సామాన్యముగా కొట్టడము కాదు. పని ఇవ్వరు. అప్పు పుట్టదు. అంగడిలో ఉప్పు పోయరు. పొరుగున ఉన్న ఒంగోలు ప్రాంతములో మాదిగలు విశ్వాసములోనికి వచ్చినప్పుడు కూడ ఇదే జరిగినట్లు అక్కడి మిషనరీ జాన్ క్లౌ వ్రాసిపెట్టాడు.

జమ్మలమడుగు వైపు పెన్న ఒడ్డునున్న ఒక పల్లెలో ఎనభై ఏళ్ళు దాటిన ఒక అవ్వ తన అవ్వ దగ్గర విన్న సంగతిని మాకు చెప్పింది. పల్లె కలిసిన తొలి రోజులలో నీళ్ళు తోడిపోసే రైతులు పోయడము మానుకున్నారట. ఆడవాళ్ళు ఎండిన ఏట్లో ఇసుక తోడి చెలమలు తీసుకున్నారట. “ఒక్కతే పోతే కడవ పగలగొడతారని అందరూ గుంపుగా పోయేవాళ్ళంట. కలవనోళ్ళు గూడ మా వాళ్ళతోనే వచ్చేవాళ్ళంట” అని ఆమె అన్నది. ‘కలవడము’ అంటే వారి మాటలో క్రైస్తవులలో చేరడము.

ఈ సాక్ష్యములో మా దృష్టిని పట్టినది ఆ గుంపు. మనము నమ్మకమును ఒక్కని హృదయములో జరిగే కార్యముగా బోధించడము అలవాటు చేసుకున్నాము. మిషనరీలలో చాలామంది కూడ గుంపుగా వచ్చినవారి విశ్వాసమును అనుమానించారు. కూటికి వచ్చారు, పెద్దమాల చెప్పాడని వచ్చారు అన్నారు. 1933లో సామూహిక ఉద్యమములపై పరిశోధన ప్రకటించిన జె. వాస్కమ్ పికెట్ ఈ అనుమానమును పరీక్షించి, గుంపుగా వచ్చిన విశ్వాసము తక్కువ విశ్వాసము కాదని చూపించాడు. మేము ఇంకొక మాట కలుపుతాము. ఒంటరిగా ఉన్నవాని భయమును ఆ గుంపు తన మీద వేసుకున్నది. అందరూ సమానముగా నమ్మినవారు కారు. నమ్మకము తక్కువగా ఉన్నవాడు ఎక్కువగా ఉన్నవాని ప్రక్కన కడవ ఎత్తుకొని నడిచాడు.

ఇదే మనకు అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయములో కనబడుతుంది. పేతురు, యోహాను బెదిరింపులు విని విడుదలై తమ స్వజనుల యొద్దకు వచ్చారు. అందరూ ఏకమనస్సుతో ప్రార్థించారు. హింస తీసివేయమని వారు అడగలేదు. ధైర్యముగా మాటలాడే కృప అడిగారు (4:29). ఈ మాటను మనము చాలాసార్లు బోధించాము. 31వ వచనముతో ఆపి ‘ఆమేన్’ అంటాము. లూకా మాత్రము ఆపలేదు. వెంటనే 32వ వచనము మొదలుకొని వారు తమకు కలిగినదంతా సమష్టిగా ఉంచుకున్నారని, వారిలో కొదువ గలవాడు ఒక్కడును లేడని వ్రాశాడు. మా అభిప్రాయములో ఇవి రెండు వేరు సంగతులు కావు. బ్రతుకుతెరువు పోతుందని భయపడే విశ్వాసికి దేవుడు ఇచ్చే ధైర్యము కొంత ఆత్మ ద్వారా వస్తుంది, కొంత ప్రక్క ఇంటి గిన్నెలోనుండి వస్తుంది. హెబ్రీ పత్రికలో కూడ ఇంతే. ప్రభువు నాకు సహాయుడు గనుక భయపడను అనే భావము 13:6లో ఉంది. దానికి ముందున్న వచనము ధనాపేక్షను గూర్చినది. దానికి ముందు బంధకములలో ఉన్నవారిని జ్ఞాపకము చేసుకొనడము ఉంది. ఆ చదువరులు తమ ఆస్తి కోల్పోయినవారు (10:34).

మేము ప్రొద్దుటూరులో సేవ చేసిన దినములలో ఒక విధవరాలి ఇంట్లో శుక్రవారము ప్రార్థన జరిగేది. ఇంటి యజమాని ఒక నెల గడువుతో ఇల్లు ఖాళీ చేయమన్నాడు. ఆమె కుట్టుపని చేసుకొనేది. ఆ వీధిని విడిస్తే గిరాకీ పోతుంది. “నేను దేవుణ్ణి నమ్మినాను గానీ అయ్యగారూ, రాత్రిపూట గుండె దడదడమంటాది” అన్నది. ఆ ఆదివారము సంఘములో చెప్పాము. నాపరాళ్ళ గనిలో పనిచేసే ఒక సహోదరుడు రెండు వీధుల అవతల తన అన్న ఖాళీ గది ఉన్నదని లేచి చెప్పాడు. స్త్రీల సమాజమువారు మూడు నెలల అద్దె పోగుచేశారు. కుట్టుమిషనును తోపుడుబండి మీద పెట్టి తీసుకుపోయింది మా యౌవనస్థులే. గుండెదడ పోయిందా అని తరువాత మేము ఆమెను అడిగాము. “కొంచెము తగ్గింది” అన్నది. ఆ మాటలోని నిజాయితీ మాకు నచ్చింది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడ అవసరము. మనకు కలిగే ప్రతి కష్టమును హింస అని పిలువకూడదు. హంతకుడుగా గాని, దొంగగా గాని, పరుల జోలికి పోయేవాడుగా గాని బాధపడవద్దని పేతురు చెప్పాడు (1 పేతురు 4:15). తెల్లవారుజామున నాలుగు గంటలకు ఊరంతా వినబడేలా మైకు పెట్టి, పొరుగువాడు వద్దంటే సువార్తకు ఆటంకము అని అర్జీ పెట్టడము హింస అనుభవించడము కాదు. సంఘపు స్థలము మీద ఇద్దరు పెద్దలు కోర్టుకు పోవడము అంతకన్నా కాదు. నిజముగా భయములో ఉన్నవారి కేక ఇటువంటి గోలలో వినబడకుండ పోతుంది.

కాగితము మీది పేరు

ఇప్పుడు ఆ యౌవనస్థుని దగ్గరకు తిరిగి వద్దాము. షెడ్యూల్డు కులముల జాబితాను నిర్ణయించిన 1950 రాష్ట్రపతి ఉత్తరువు ఆ హోదాను హిందువులకు మాత్రమే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రములో 1970 నుండి షెడ్యూల్డు కులముల నుండి క్రైస్తవులైనవారు వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గముగా ఉన్నారు. వారికి ఉన్నది ఒక్క శాతము. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను ఈ హోదాను మతముతో ముడిపెట్టకూడదని సిఫారసు చేసింది. 2022లో కేంద్ర ప్రభుత్వము ఇదే విషయము పరిశీలించడానికి మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ గారి అధ్యక్షతన మరొక కమిషను నియమించింది. 2025 ఏప్రిల్‌లో ఒక పాస్టరు తనను కులము పేరుతో దూషించి కొట్టారని పెట్టిన కేసులో మన రాష్ట్ర ఉన్నత న్యాయస్థానము, క్రైస్తవుడైనవానికి అత్యాచారముల నిరోధక చట్టము వర్తించదని చెప్పి ఆ కేసును కొట్టివేసింది. ఆ తీర్పు వార్త వచ్చిన వారములో మా పాస్టరేటులో నలుగురు వచ్చి రిజిస్టరులో తమ పిల్లల పేర్లు ఉన్నాయా అని అడిగారు. ఎందుకు అడుగుతున్నారో వారూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

కాగితమును గూర్చిన ఈ భయము సంఘమునకు క్రొత్తది కాదు. క్రీ.శ. 250లో దెకియస్ చక్రవర్తి సామ్రాజ్యములోని వారందరూ దేవతలకు బలి అర్పించాలని ఆజ్ఞాపించాడు. అర్పించినవారికి సాక్షుల సంతకములతో ఒక ధ్రువపత్రము ఇచ్చేవారు. అటువంటి పత్రములు నలభైకి పైగా ఈజిప్టు ఇసుకలో దొరికాయి. కొందరు క్రైస్తవులు భయపడి బలి అర్పించారు. మరికొందరు బలి అర్పించకుండానే అధికారులకు డబ్బు ఇచ్చి పత్రము కొనుక్కున్నారు. కార్తేజీ బిషప్పు కుప్రియాను ఆ హింసలో తానే దాగి ఉన్నాడు. అందుకు నిందలు కూడ పడ్డాడు. 251లో తిరిగి వచ్చి, పడిపోయినవారిని ఏమి చేయాలి అనే ప్రశ్నను సంఘ సభ ముందు పెట్టాడు. రోములో నొవేషియను అనే ప్రెస్బిటరు వారికి తలుపు మూయాలన్నాడు. మరికొందరు ఏమీ జరగనట్లు వెంటనే చేర్చుకోవాలన్నారు. కుప్రియాను రెండూ ఒప్పుకోలేదు. జరిగినదానిని జరిగినట్లు ఒప్పుకోవాలి, ఎవరు ఎంత బలవంతముక్రింద ఏమి చేశారో విడివిడిగా విచారించాలి, పశ్చాత్తాపపడినవారిని తిరిగి చేర్చుకోవాలి అని సభ నిర్ణయించింది. దాగి ఉన్నాడని నిందపడిన ఆ కుప్రియానే 258లో కత్తికి తల ఒగ్గాడు.

మన కులధ్రువపత్రము ఆ పత్రమువంటిదేనా? పూర్తిగా కాదు అని మా అభిప్రాయము. ఒక మనిషి మాలగానో మాదిగగానో పుట్టాడని, ఆ పుట్టుకవలన ఊరు అతనిని దూరముగా ఉంచిందని పత్రము చెప్పినంతవరకు అది నిజమే చెబుతోంది. బాప్తిస్మపు నీళ్ళు ఊరి బావిని తెరవలేదు. హోటలులో వేరు గ్లాసు పెట్టినవాడు ముందుగా నీవు ఏ మతమని అడగలేదు. అయితే ‘మతము’ అనే గడి దగ్గరకు వచ్చేసరికి నాలుక తడబడుతుంది. ఆ గడిని అక్కడ పెట్టినది విశ్వాసి కాదు, చట్టము. మనస్సాక్షి స్వేచ్ఛను రాజ్యాంగము 25వ అధికరణములో ఇచ్చి, 1950 ఉత్తరువులో దానికి వెల కట్టింది. ఆ వెలను ఎప్పుడూ చెల్లించనివారు, ముఖ్యముగా ఆ హోదా అవసరమే లేని కులములనుండి వచ్చిన మన సంఘ నాయకులు, పల్లెలో ఉన్నవానిని రెండు పేర్లవాడు అని తీర్పు తీర్చడము న్యాయము కాదు.

అలాగని రిజిస్టరులో పేరు లేకుండా రహస్యముగా బాప్తిస్మము ఇవ్వడము కూడ మాకు సమ్మతము కాదు. బాప్తిస్మము ఒకనిని సంఘమునకు అప్పగించే కార్యము. పేరు తెలియనివాని పక్షమున సంఘము ఎలా నిలబడుతుంది? పేరు వ్రాయకుండ ఇచ్చే కాపరి అతనికి మేలు చేసినట్లు కనబడతాడు గాని, నిజానికి అతనిని చెలమ దగ్గరకు ఒంటరిగా పంపినవాడవుతాడు.

అందుచేత మేము అతనితో చివరకు చెప్పినది ఇది. తొందరపడవద్దు అన్నాము. పేరు వ్రాస్తే చట్టరీత్యా ఏమేమి పోవచ్చునో, ‘సి’ వర్గములో ఏమి మిగులుతుందో తెలిసిన ఒక న్యాయవాది దగ్గర అతనిని కూర్చోబెట్టాము. భయపడి ఆగితే దేవుడు నిన్ను విడిచిపెట్టడు అని చెప్పాము. దావీదు ఆకీషు ఎదుట వెర్రివానివలె నటించి తప్పించుకున్నాడు. పౌలు దమస్కులో గంపలో దిగాడు, మరొక చోట తన రోమా పౌరసత్వమును వాడుకున్నాడు. ఒక పట్టణములో హింసిస్తే మరొక పట్టణమునకు పారిపొమ్మని ప్రభువే చెప్పాడు (మత్తయి 10:23). అదే అధ్యాయములో పిచ్చుకలను గూర్చి కూడ చెప్పాడు. తండ్రికి తెలియకుండ పిచ్చుక నేలపడదు అన్నాడే గాని, పిచ్చుక ఎప్పటికీ పడదు అనలేదు. అది కూడ దాచకుండ అతనికి చదివి వినిపించాము.

తరువాత ఈ సంగతిని, అతని పేరు చెప్పకుండ, పాస్టరేటు కమిటీ ముందు పెట్టాము. రెండు గంటలు వాదన జరిగింది. ఒక పెద్ద మొదట కోపపడ్డాడు. తరువాత తన కొడుకు ఉద్యోగపు కాగితములు గుర్తుకు వచ్చి ఊరకున్నాడు. పేరు వ్రాయించుకొనడమువలన చదువులో గాని ఉద్యోగములో గాని నష్టపోయిన కుటుంబమునకు పంట కానుకలనుండి ఒక భాగము కేటాయించాలని ఆ రాత్రి తీర్మానించారు. మొత్తము పెద్దది కాదు. మన పాస్టరేటులన్నీ కలిసి చేస్తే పెద్దదవుతుందని డయాసిస్‌కు వ్రాశాము. ఇంకా జవాబు రాలేదు.

ఆ యౌవనస్థుడు ప్రతి ఆదివారము వస్తున్నాడు. ఈ మధ్య ఆరాధనకు ముందు తెల్లవారి ప్రార్థనకు కూడ వస్తున్నాడు. పేరు సంగతి అతడు ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. మొన్న అతని తల్లి కమిటీలోని ఒక సహోదరిని అడిగినదట, ఆ పంట కానుకల తీర్మానము కాగితము మీద పెట్టినారా, ఊరికే నోటి మాటేనా అని. కాగితము మీదే పెట్టాము, అందరము సంతకములు చేశాము అని సహోదరి చెప్పింది.